పిన్నులు కొట్టిన పాఠం

పదో నంబరు వార్డు పిల్లల వార్డు. రక్తం జబ్బుతో వచ్చిన పిల్లలు, పదమూడేళ్ళ లోపు వాళ్ళు, అక్కడ నెలల తరబడి ఉంటారు. ఆ వార్డు చివర, ఉతికిన దుప్పట్లు పెట్టే గదికీ నర్సులు టీ కాచుకునే గదికీ మధ్య ఇరుక్కుని ఒక చిన్న గది ఉంది. రెండు బల్లలు, ఆరు కుర్చీలు, సుద్దపొడి పిల్లలకు పడదని పెట్టించిన ఒక తెల్లబోర్డు, సెలైను స్టాండ్లు నిలబెట్టుకోవడానికి గోడ వారగా కాస్త చోటు. అదే బడి. ఆ బడికి హెడ్మాస్టరు, అటెండరు, గంట కొట్టే మనిషి, పాఠం చెప్పే మనిషి అన్నీ ఒక్కరే. ఆవిడను పిల్లలు చాటుగా పిన్నుల టీచర్ అంటారు. ఆ పేరు తన చెవిన పడలేదని ఆవిడ పదమూడేళ్ళుగా నటిస్తోంది.

మనిషి పొట్టి, మాట కరుకు. ఏభై దాటి రెండేళ్ళయింది. భర్త కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఒక్కతే కూతురు, పెళ్ళయి రెండు వీధుల అవతల ఉంటూ, పొద్దున్నే వచ్చి తల్లి వండిన కూరలో సగం గిన్నెలో సర్దుకుపోతుంది. అంతకు ముందు టీచర్ పనిచేసిన ప్రైవేటు బడి మూతపడితే, ఇక్కడ ఒక ఏడాది నెట్టుకొచ్చి వేరే చోటు చూసుకుందాం అనుకుని చేరింది. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదని భర్త వేళాకోళం చేస్తుంటాడు.

అక్కడ పాఠం చెప్పడానికి ఆవిడ తనకంటూ కొన్ని పద్ధతులు పెట్టుకుంది. హాజరు పట్టీలో రాని పిల్లల పేరు ఎదుట గైర్హాజరు అని రాయదు, ఒక చుక్క పెట్టి ఊరుకుంటుంది. ఒంట్లో బాగాలేని పిల్ల మంచం దిగకపోతే తనే పుస్తకం పట్టుకుని మంచం దగ్గరకు వెళుతుంది. ఇంకో పదేళ్ళకు కొడుకు వయసెంత అని అడిగే లెక్క పుస్తకంలో ఉంటే, పదేళ్ళ కిందట తండ్రి వయసెంత అని మార్చి ఇస్తుంది. ముందుకు లెక్కపెట్టించదు, వెనక్కే లెక్కపెట్టిస్తుంది. తీసివేతలన్నీ బాగా వచ్చి, ఆ వార్డు పిల్లలు కూడికల్లో కొంచెం తడబడతారు.

ఇక పిన్నుల సంగతి. ఏటా బడులు తెరిచే ముందు కొత్త పుస్తకాల కట్ట వస్తుంది. ఆవిడ కట్ట విప్పి, ఏడో తరగతి లెక్కల పుస్తకాలు పక్కకు తీసి, ఒక్కోదాంట్లో ఆరు కాగితాలు కలిపి పట్టుకుని, పైనొకటి, మధ్యనొకటి, కిందొకటి మూడేసి పిన్నులు కొడుతుంది. అవి పెద్ద సంఖ్యల్ని పదికి ఘాతాలుగా రాసే పాఠం పేజీలు. వాటిని అలా మూసిపెట్టాకే పుస్తకం పిల్లల చేతికి వెళుతుంది.

దాని వెనక ఒక కథ ఉంది. ఆవిడ ఆ బడికి వచ్చిన మొదటి ఏడు, ఏడో తరగతి పిల్లవాడొకడు ఉండేవాడు. లెక్కలంటే చెవి కోసుకునేవాడు. వాడి కోసమని ఆ పాఠం ఆవిడ ఎంతో సంబరంగా చెప్పింది. సున్నాలన్నీ వరసగా రాస్తే చెయ్యి నొప్పి, పైగా ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. పది వేసి, ఎన్ని సున్నాలున్నాయో ఆ అంకెను దాని నెత్తిన చిన్నగా వేస్తే చాలు. వెయ్యి అంటే 10³. లక్ష అంటే 10⁵. పది లక్షలు అంటే 10⁶. పిల్లవాడు విన్నంతసేపు విని, లేచి, స్టాండు తోసుకుంటూ తన మంచం దగ్గరకు వెళ్ళి, కాళ్ళ వైపు తగిలించిన చార్టు చదివాడు. రక్తకణాల లెక్క చార్టులో అలాగే రాస్తారు. నెల కిందట 40 × 10³. మొన్న 15 × 10³. ఆ పొద్దున 6 × 10³. నలభై వేలు, పదిహేను వేలు, ఆరు వేలు.

వార్డులో అందరూ వాడికి పెరిగింది, పెరిగింది అనే చెబుతున్నారు. ఆ సాయంత్రం వాడు తండ్రిని నిలదీశాడు. తండ్రి బస్సు కండక్టరు. రోజుకు వెయ్యిమందితో చిల్లర కోసం తగవు పడే నోరు కొడుకు ముందు పెగల్లేదు. ఆ తర్వాత పిల్లవాడు తొమ్మిది రోజులే ఉన్నాడు. ఆ తొమ్మిది రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు.

వాడి నోటుపుస్తకాలు తీసుకెళ్ళడానికి వచ్చిన కండక్టరు బడి గుమ్మంలో నిలబడి, "మీరు ఆ పాఠం చెప్పకపోతే వాడికి తెలిసేది కాదు కదా టీచర్" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఆవిడ ఏదో ఒక జవాబు చెప్పుకునేది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి స్టేప్లరు కొనుక్కొచ్చింది. ఆసుపత్రిలో ఎవరూ తప్పు పట్టలేదు. పిల్లలు పెద్ద సిస్టర్ అని పిలిచే హెడ్ నర్సయితే, "మంచి పని చేశారు టీచరుగారూ" అని మెచ్చుకుంది కూడా. పరీక్షలో ఆ పాఠానికి ఎనిమిది మార్కులు. పోతే పోయాయని ఆవిడ తనకు తాను సర్దిచెప్పుకుంది.

అలా పదమూడేళ్ళు సాఫీగా గడిచిపోయాక వార్డుకు లాయరమ్మ వచ్చింది.

పన్నెండేళ్ళ పిల్ల, ఏడో తరగతి. తల్లి బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది, తండ్రి లారీ మీద పోయి వారానికో పదిరోజులకో వస్తాడు. లాయరమ్మ అన్న పేరు వచ్చిన రెండో రోజే నర్సులు పెట్టారు. సూది పట్టుకుని వచ్చిన నర్సుకు ఈ పిల్ల చిన్న పుస్తకం తీసి చూపించి, "నిన్న ఎడమ చెయ్యి. ఇవాళ కుడి చేతి వంతు. రాసుకున్నాను చూడండి" అందట. నర్సు నోరు మూసుకుని కుడి చేతికే పొడిచింది. ఆ పిల్ల వల్ల వార్డులో అందరికీ తల ప్రాణం తోకకు వచ్చేది. అందరికీ ఆ పిల్లంటే ఇష్టంగానూ ఉండేది.

పుస్తకం చేతికిచ్చిన గంటలో బడిగదిలో తగాదా మొదలైంది.

"టీచర్, ఈ పేజీలకి పిన్నులెందుకు కొట్టారు?"

"చిరిగిపోయాయి."

"చిరిగితే గమ్ము పెడతారు. పిన్నులు కొట్టరు."

"ఆ పాఠం ఈ ఏడు లేదులే."

"పోయినేడు పరీక్షలో ఎనిమిది మార్కులకి వచ్చింది కదా. ఆ పేపరు మీరే ఇచ్చారు, చివరి ప్రశ్న మీద తెల్లకాగితం అంటించి. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చదివాను."

టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ముందు భిన్నాలు చెయ్యి. అవి వచ్చాక చూద్దాం" అంది. ఓడిపోయిన పెద్దవాళ్ళందరూ అనే మాటే అది. పిల్ల భిన్నాలు చేసింది. నాలుగు రోజుల్లో మొత్తం చేసి, "వచ్చేశాయి" అంది. టీచర్ రేఖాగణితం ఇచ్చింది. అదీ అయిపోయింది. ఆ తర్వాత పిల్ల అడగడం మానేసింది. గండం గడిచిందని టీచర్ ఊపిరి పీల్చుకుంది.

లాయరమ్మ పక్క మంచం మీద పాటలక్క ఉండేది. పదమూడు నిండబోతున్నా జబ్బుతో చదువు వెనకబడి ఇంకా ఆరో తరగతిలోనే ఉన్న పిల్ల. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుండేది. అయిదు వారాల కిందట ఒక తెల్లవారుజామున ఆ మంచం ఖాళీ అయింది. ఇంటికి వెళ్ళిపోయిందని పిల్లలకు చెప్పారు. అక్కడ ఎప్పుడూ అదే చెబుతారు.

ఆ తర్వాత లాయరమ్మ మెల్లమెల్లగా మాట తగ్గించింది. రంగు పెన్సిళ్ళ డబ్బా ఎదురు మంచం పిల్లకు ఇచ్చేసింది. చేతుల వంతులు రాసుకునే చిన్న పుస్తకం చించి చెత్తబుట్టలో పడేసింది. ఏ చేతికి పొడిచినా ఊరుకుంటోంది. వారం రోజులుగా తిండి దగ్గర నోరు బిగించేసింది, మాత్రలు నాలుక కింద దాచి తల్లి అటు తిరగ్గానే ఉమ్మేస్తోంది. పరీక్ష ఫారం మీద సంతకం పెట్టమని టీచర్ తీసుకెళితే గోడవైపు తిరిగి పడుకుంది. పరీక్షలు ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. ఫారం పంపడానికి మూడు రోజులే గడువు.

చిత్రమేమిటంటే పిల్లకు జబ్బు తగ్గుతోంది. రౌండ్లకు వచ్చిన డాక్టరు తల్లినీ టీచర్నీ వరండాలోకి పిలిచి ఆ మాటే చెప్పాడు. "కణాలు బాగా పెరుగుతున్నాయి. ఒళ్ళు మా మాట వింటోంది. మనిషే వినట్లేదు. సోమవారం వచ్చే విడత మందు మొదలెట్టాలి. ఇలా తినకుండా బరువు తగ్గిపోతే ఆ మందు ఇవ్వలేను. ఇవ్వకపోతే ఇప్పటిదాకా వచ్చిందంతా చేజారిపోతుంది." అది గురువారం.

డాక్టరు వెళ్ళాక తల్లి టీచర్ చెయ్యి పట్టుకుంది. సూది పోట్లతో మొద్దుబారిన వేళ్ళు. "నేనేం చెప్పినా చెవిన పెట్టట్లేదు టీచరుగారూ. పెరిగిందమ్మా, బాగుందమ్మా అని రోజూ చెప్తానే ఉన్నాను. నావైపు ఎలా చూస్తుందంటే, నేనేదో పరాయిదాన్ని అన్నట్టు చూస్తుంది. మీరంటే గురి దానికి. మీరే ఏదో ఒకటి చెప్పండి."

ఆ సాయంత్రం ఇంట్లో టీచర్ కూర తరుగుతూ ఇదంతా భర్తకు చెప్పింది. ఆయన చొక్కా చేతులకు అంటిన అద్దం పొడి దులుపుకుంటూ విన్నాడు.

"ఇంతకీ ఏమైందంట ఆ పిల్లకి?" అన్నాడు.

"అదే కదా తెలియంది. డాక్టరు ఒకటి అంటాడు, సిస్టర్ ఒకటి అంటుంది, వాళ్ళమ్మ ఏడుస్తుంది."

"ఆ పిల్లనడిగారా?"

టీచర్ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. తిను అన్నారు, మింగు అన్నారు, సంతకం పెట్టు అన్నారు. ఎందుకమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆవిడా అడగలేదు. అడిగితే ఆ పిల్ల తిరిగి ఏం అడుగుతుందోనని భయం. ఆ భయం పద్నాలుగేళ్ళ నాటిదని ఆవిడకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం తల్లి బట్టలు ఉతకడానికి కిందికి వెళ్ళిన సమయం చూసి, టీచర్ లాయరమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పుస్తకం తేలేదు, ఫారమూ తేలేదు.

"నేను పాఠం చెప్పడానికి రాలేదు. ఒకటి అడుగుతాను, చెప్పాలనిపిస్తే చెప్పు. ఎందుకమ్మా తినట్లేదు?"

పిల్ల గోడ సున్నాన్ని గోటితో గీకింది. తర్వాత ఇటు తిరగకుండానే అంది.

"ఇంకా పది రోజులకి ఎందుకు టీచర్?"

"పది రోజులేంటి?"

"ఇవాళ్టికి నేనొచ్చి ఎనభై రోజులు. మూడు నెలలంటే తొంభై."

టీచర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మూడు నెలలకి ఏమవుతుంది?"

అప్పుడు ఇటు తిరిగింది. ఇంత చిన్న విషయం తెలియని మనిషి బడి ఎలా నడుపుతోందా అన్నట్టు చూసింది. కాలు చాపి, బొటనవేలితో చార్టు చూపించింది. "దాంట్లో ఉంది కదా. పైన చిన్నగా మూడు."

టీచర్ చార్టు అందుకుంది. పెద్ద సిస్టర్ గుండ్రటి చేతిరాత. 84 × 10³.

"పది అంటే మన వార్డు నంబరు" అంది పిల్ల, ఓపిగ్గా. "పైన చిన్నగా వేసింది ఎన్ని నెలలు ఉంటామో. మాకు కనబడకూడదని చిన్నగా వేస్తారు. ముందుండే అంకె మారుతుంది టీచర్. అది మందులదో ఏదో. పైనుండే మూడు మారదు. అందరికీ మూడే. నేను ఈ వరసలో అన్ని మంచాలవీ చూశాను."

"ఈ గడిలో ఆరుంది కదా" అంది టీచర్. ఎర్రకణాల గడి, 10⁶. ఆ మాట ఎందుకు అందో ఆవిడకే తెలియదు.

"అది అమ్మావాళ్ళకి చూపించడానికి వేస్తారు. నిజం మూడే."

"ఎవరు చెప్పారు నీకు ఇదంతా?"

"పాటలక్క. తనకి అంతకుముందు ఆ మంచం మీదుండే అన్న చెప్పాడంట. ఆ అన్నకి ఇంకెవరో చెప్పారు. ఇక్కడ అందరికీ తెలుసు. పెద్దవాళ్ళ దగ్గర అనకూడదు. అంటే ఏడుస్తారు."

పద్నాలుగేళ్ళలో ఆ వార్డులో పడుకున్న పిల్లలంతా వరసగా టీచర్ కళ్ళముందు నిలబడ్డారు. ఆ పిల్లల చేతికి ఇచ్చిన పుస్తకాల్లో ఆవిడ పేజీలు మూసేసింది. చార్టులు మాత్రం వాళ్ళ కాళ్ళ దగ్గరే వేలాడుతూ ఉన్నాయి. చదవడం రాని అంకెను చూస్తూ పిల్లలు ఊరికే ఉంటారని ఎలా అనుకుంది? వాళ్ళు దానికి అర్థం వెతుక్కున్నారు. తనకు దొరికిన అర్థాన్ని ఒకరు ఇంకొకరికి చెప్పి వెళ్ళారు. ఆవిడ బడి పక్కనే, ఆవిడకు తెలియకుండా, ఆ పాఠం ఇంకోలా నడుస్తూనే వచ్చింది. సిగ్గుతో ఆవిడ ముఖం మండిపోయింది.

లేచి బడిగదికి వెళ్ళింది. ఏడో తరగతి పుస్తకం తెచ్చి, పిల్ల చూస్తుండగానే పిన్నుల కింద గోరు పెట్టి పెకలించింది. మూడోది మొండికేసి గోరు చీల్చింది. పిల్ల లేచి కూర్చుంది.

"రక్తం వస్తోంది టీచర్."

"రానీ."

చీరకొంగుకు వేలు అదుముకుని, రెండో చేత్తో చార్టు పక్కన పెట్టుకుని, ఆవిడ పాఠం మొదలుపెట్టింది. పదిని పదితో గుణిస్తే వంద. ఇంకోసారి పదితో గుణిస్తే వెయ్యి. మూడు పదులు గుణించుకున్నాయి కాబట్టి పైన మూడు. అంతకు మించి ఆ మూడుకు ఏ అర్థమూ లేదు. వార్డు నంబరు పది కావడానికీ ఆ పదికీ ఏ సంబంధమూ లేదు. ఈ వార్డుకు ఏడో నంబరు వేసినా అక్కడ పదే ఉంటుంది.

"అయితే ఎనభై నాలుగు ఇంటూ వెయ్యి" అంది పిల్ల.

"ఎంత?"

"ఎనభై నాలుగు వేలు. ఏంటవి?"

"నీ ఒంట్లో రక్తం గడ్డకట్టించే కణాలు. సూదిమొనకు అంటేంత రక్తంలో అన్ని ఉన్నాయి. ఎర్రవి చదువు."

"మూడు పాయింటు ఒకటి ఇంటూ పది ఘాతం ఆరు." పిల్ల వేళ్ళ మీద సున్నాలు లెక్కపెట్టుకుంది. "ముప్ఫై ఒక్క లక్షలు. సూదిమొనంత దాంట్లోనా?"

"అంత దాంట్లోనే. ఇప్పుడు కాగితాలు వెనక్కి తిప్పి, నువ్వు వచ్చిన రోజుది చదువు."

పిల్ల తిప్పింది. 9 × 10³. తొమ్మిది వేలు. తర్వాత ఇరవై రెండు వేలు. తర్వాత నలభై ఒకటి. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతూ ఎనభై నాలుగు దాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివింది.

"అమ్మ పెరిగింది పెరిగింది అంటుంటే అబద్ధమనుకున్నాను" అంది. తర్వాత అనుమానంగా చూసింది. "మీరు కూడా అబద్ధం చెప్తారు కదా. ఆ పాఠం ఈ ఏడు లేదన్నారు."

"చెప్పాను. తప్పు చేశాను."

"ఇది నిజమేనా?"

"ఇది నేను చెప్పేది కాదు, నువ్వు చదివింది. లెక్క చేసి చూసుకో."

పిల్ల నోటుపుస్తకం లాక్కుని పక్కపక్కనే మూడు పదులు వేసి గుణించింది. రెండుసార్లు చేసింది. వెయ్యే వచ్చింది. "మళ్ళీ తగ్గితే?" అంది తల ఎత్తకుండా.

పద్నాలుగేళ్ళుగా టీచర్ తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అది. "తగ్గొచ్చు" అంది. "తగ్గితే తగ్గిందని చదువుతావు. నాకు చెప్పు. ఆ రోజు నేను వచ్చి ఇక్కడే కూర్చుంటాను."

పిల్ల తల ఊపింది. తర్వాత పక్క మంచం వైపు చూసింది. దాని మీద ఇంకా ఎవరూ రాలేదు.

"అక్క ఇంటికి వెళ్ళలేదు కదా టీచర్. ఇంటికెళ్ళే వాళ్ళు సబ్బుపెట్టె వదిలేసి వెళ్ళరు."

"వెళ్ళలేదు."

"ఈ పాఠం అక్కకి చెప్పారా?"

టీచర్ ఏమైనా అనొచ్చు. అది ఆరో తరగతిలో లేదనొచ్చు. చెప్పినా ఆ పిల్ల బతికేది కాదనొచ్చు. రెండూ నిజాలే. "లేదు" అంది. "అక్కకి చెప్పలేదు."

"అక్కకి మూడు నెలలు అయిపోయిన రోజు రాత్రంతా కూర్చునే ఉంది. పడుకుంటే లేవనేమోనని. తర్వాత కూడా రోజూ అలాగే కూర్చునేది. నిద్ర రాకూడదని పాడేది."

టీచర్‌కు దుఃఖం ఆగలేదు. ఏడ్చింది. పెద్దవాళ్ళకు చెబితే ఏడుస్తారని పిల్లలు అనుకోవడంలో తప్పేమీ లేదు. పిల్ల కాసేపు చూసి, తలగడ కింద నుంచి తువ్వాలు తీసి ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన తల్లికి, మూత తీసి ఉన్న అన్నం గిన్నె ముందు, నోటి నిండా అన్నంతో అంకెలు వేస్తున్న కూతురు కనిపించింది.

శనివారం పొద్దున టీచర్ పెద్ద సిస్టర్‌కు అంతా చెప్పింది. వార్డులో ఉన్న పదిహేడుమందికీ, ఒకటో తరగతి నుంచి ఏడు దాకా, వాళ్ళ వాళ్ళ చార్టులు పెట్టుకుని ఈ పాఠం చెబుతానంది. పెద్ద సిస్టర్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఆ చార్టులు ఇరవై ఏళ్ళుగా రాస్తున్నది ఆవిడే.

"ఇప్పుడు ముగ్గురికి తగ్గుతున్నాయి టీచరుగారూ" అంది చివరికి. "వాళ్ళ మాటేమిటి?"

"వాళ్ళకీ చెప్తాను. ముందు వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడతాను. వద్దన్నవాళ్ళ పిల్లలకి వాళ్ళ చార్టు చదివించను. ఆ మూడు నెలలు కాదని మాత్రం ఎవరు వద్దన్నా చెప్తాను."

అలా అందే గాని టీచర్‌కు ధైర్యమేమీ రాలేదు. ఆ కండక్టరుకు చెప్పాల్సిన జవాబు ఈనాటికీ ఆవిడ దగ్గర లేదు. తగ్గుతున్న ముగ్గురిలో ఇద్దరి తల్లులు చెప్పమన్నారు, ఒక తండ్రి వద్దన్నాడు. ఆయన మీద ఆవిడకు కోపం రాలేదు.

బడిగది చాలక వార్డు మధ్యకు తెల్లబోర్డు లాక్కొచ్చారు. లాయరమ్మ మంచం మీద బాసీపట్లు వేసుకుని కూర్చుని, టీచర్ ఎక్కడ తప్పు చెబుతుందా అని ఒళ్ళంతా చెవులు చేసుకుంది. పది పదులు వంద, పది వందలు వెయ్యి అని చెబుతుంటే అన్ని మంచాల మీద నుంచీ మెడలు బోర్డు వైపు సాగాయి. ఎవరూ అల్లరి చెయ్యలేదు, ఎవరూ దగ్గలేదు. చిన్న క్లాసుల పిల్లలకు గుణకారమే రాదు, అయినా కళ్ళార్పకుండా బోర్డు మీది మూడునే చూస్తున్నారు. పైనున్న ఆ చిన్న అంకెకూ నెలలకూ ఏ సంబంధమూ లేదని, అది ఎన్ని పదులు గుణించుకున్నాయో చెప్పే అంకె మాత్రమేనని టీచర్ మూడుసార్లు చెప్పింది.

తర్వాత మంచం మంచానికీ తిరిగింది. కిటికీ పక్క మంచం మీద రెండో తరగతి పిల్ల. నోట్లో నాలుక లేని పిల్ల. మందు చేదని అనదు, సూదికి ఏడవదు, అమ్మ కావాలని పేచీ పెట్టదు. ఇలాంటి బుద్ధిమంతురాలిని చూడలేదని నర్సులు మిగతా పిల్లలకు ఆ పిల్లనే చూపిస్తుంటారు. టీచర్ పక్కన కూర్చుని చార్టు ఒళ్ళో పెట్టుకుని, "నీది చదువుదామా?" అంది.

పిల్ల ముందు అటూ ఇటూ చూసింది. తర్వాత టీచర్ చెవి దగ్గరకు వంగి, చాలా మెల్లగా అడిగింది.

"నిజంగా నెలలు కాదా టీచర్?"

"కాదమ్మా. నిజంగా కాదు."

"నాకు నాలుగో నెల" అంది. "నాది అయిపోయింది. మీరెవరూ చూసుకోలేదనుకున్నాను. అల్లరి చేస్తే అందరూ నావైపు చూస్తారు కదా. అప్పుడు గుర్తొస్తుందని ఊరుకున్నాను."

టీచర్ ఆ పిల్ల చూపుడువేలు పట్టుకుని అంకె మీద పెట్టింది. నూట పన్నెండు ఇంటూ వెయ్యి. ఒక లక్షా పన్నెండు వేలు. పిల్లకు లక్ష అంటే ఎంతో తెలియదు. చాలా ఎక్కువా అని అడిగింది. చాలా ఎక్కువ అంది టీచర్.

ఆ సాయంత్రం పాలగ్లాసు తెచ్చిన నర్సుతో ఆ పిల్ల పాలు వద్దంది. నర్సు బతిమాలింది. పిల్ల గ్లాసు తోసేసి, అమ్మ కావాలని, సూది వద్దని, ఈ వార్డు అసలు బాగాలేదని వార్డంతా దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంది. పెద్ద సిస్టర్ పరుగెత్తుకొచ్చింది, టీచర్ వచ్చింది, పక్క మంచాల తల్లులంతా వచ్చారు. ఎవరూ ఆ పిల్లను ఊరుకోమని అనలేదు.